ఇసుక గడియారం కొన్న పెద్ద టీచర్

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో మూడో తరగతి పెద్ద టీచర్‌కు ఎవరి మీదా అసూయ కలగలేదు. కలిగిందని ఒప్పుకోవలసిన అవసరం రాలేదనడం మరింత నిజం. ఆ అవసరం ఈ ఏడు, మంగళ, శుక్రవారాల్లో బడికి వచ్చే స్పీచ్ థెరపిస్టు వల్ల వచ్చింది. పిల్లలు ఆమెను మాటల టీచర్ అంటారు. వయసులో ఆమె పెద్ద టీచర్ కూతురికన్నా చిన్నది.

కారణం బొంగరం. ఎనిమిదేళ్ళ ఆ పిల్లకు ఆ ముద్దుపేరు పెట్టింది వాళ్ళ నాన్నమ్మ. కుదురుగా ఉండలేని ఆ తీరును ఏడీహెచ్‌డీ అన్నది తర్వాత డాక్టరు. తరగతిలో బొంగరం బెంచీ మీదకన్నా బెంచీ కిందే ఎక్కువసేపు ఉంటుంది. కథ చెప్పమంటే తోక ముందు, తల తర్వాత, మధ్యలో ఫ్యాను సంగతి. అలాంటిది మెట్ల కింది గదిలో, మాటల టీచర్ ఎదుట, కుక్కపిల్ల తప్పిపోయి దొరికిన కథంతా వరసగా చెబుతుంటే పెద్ద టీచర్ తలుపు సందులోంచి విన్నది.

"ఏడాదిగా నా గొంతు అరిగిపోతోంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల దగ్గర మాత్రం ముత్యాలు రాలుస్తోంది!" అంది ఇంట్లో.

"ఆ అమ్మాయి ముందు ఒక్కతే పిల్ల, నీ ముందు ముప్పై ఎనిమిది మంది. పోలికేమిటే?" అన్నాడు భర్త, పేపరు దించకుండా.

"మీరూ ఆవిడ పక్షమే!"

బొంగరాన్ని ఇదే తరగతిలో ఉంచాలా, ప్రత్యేక బడికి పంపాలా అన్నది శుక్రవారం తేలాలి. తేల్చేది పెద్ద టీచర్ నింపే పరిశీలన పత్రం.

మెట్ల కింది గదిలో బల్లమీద ఒక చిన్న ఇసుక గడియారం ఉంటుంది. కిటుకంతా అందులోనే ఉందని పెద్ద టీచర్ తీర్మానించుకుంది. దానికి రెట్టింపుది కొని, సోమవారం బొంగరం ముందు పెట్టింది.

"ఇసుక జారేలోపు పుస్తకం తీసి, తేదీ వేసి, ఐదు లెక్కలూ చేసి, నాకు చూపించాలి."

బొంగరం గడ్డం బల్లకు ఆనించి, ఇసుక చివరి రేణువుదాకా చూసింది. "టీచర్, మళ్ళీ తిప్పండి!"

తరగతి గొల్లుమంది. ముందు వరసలో మరో ఎనిమిదిమంది లెక్కలు మానేసి ఇటే తిరిగారు.

పెద్ద టీచర్ పత్రం తీసి 'ఏకాగ్రత లేదు' అని రాయబోయి ఆగింది. రెప్ప వాల్చకుండా అంతసేపు చూసిన పిల్లకు ఏకాగ్రతే లేదని ఎలా రాయడం? అసూయ వేరు, సాక్ష్యం వేరు.

మంగళవారం నోట్‌బుక్కుతో మెట్ల కింది గదిలో కూర్చుంది. మాటల టీచర్ నేలమీద మూడు బొమ్మలు పరిచింది. బొంగరం ఒక్కో బొమ్మ మీదికి గెంతుతూ ఒక్కో ముక్క కథ చెప్పింది. మాటల టీచర్ ఒక్కో ప్రశ్న అడిగి, గడియారం తిప్పి, ఊరుకుంటోంది.

"ఆ గడియారం దానికి గడువా?"

"అయ్యో, అది నాకండీ మేడమ్! పిల్ల ఆలోచించుకునేలోపు నేను నోరు పెట్టేస్తుంటాను. ఇసుక జారేదాకా మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను."

పెద్ద టీచర్ నోట్‌బుక్కు మూసింది. సోమవారం తాను ఒక్క ఊపిరిలో నాలుగు పనులు చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

"కాస్త ముందే చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు కదండీ. మీ దగ్గరకు రావాలంటే నాకు భయం."

బుధవారం పెద్ద గడియారం పెద్ద టీచర్ బల్లమీదికి మారింది. "పుస్తకం తీయి" అని, ఆగింది. ఆగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. బొంగరం నిలబడే మూడు లెక్కలు చేసి, తర్వాత బెంచీ కిందికి దూరింది.

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ పత్రం చదివింది: 'నేను నాలుగు పనులు ఒకేసారి చెప్పినప్పుడు ఒక్కటీ చేయలేదు. ఒక్కొక్కటిగా చెప్పి ఆగినప్పుడు ఐదింట మూడు చేసింది. ఈ తరగతిలోనే ఉండాలి.'

"తప్పు మీదే అన్నట్టు రాశారేమిటండీ?"

"ఉన్నది రాశాను."

ఆ సాయంత్రం గంట కొట్టగానే బొంగరం తరగతిలో పెద్ద టీచర్ పక్కనుంచే, తల తిప్పి చూడకుండా పరుగెత్తి గుమ్మంలో ఉన్న మాటల టీచర్ నడుము చుట్టేసింది. అసూయ మళ్ళీ తలెత్తింది. పరుగెత్తవద్దని అరవబోయిన పెద్ద టీచర్ తన బల్లమీది గడియారం తిప్పి, ఇసుకంతా జారేదాకా నోరు మెదపలేదు.