పది సరుగుడు చెట్లు

ఆ ఊరి పార్కులో మొక్కల్ని చూసుకునే ఆవిడను అందరూ తోటమ్మ అనేవారు. ఉద్యోగానికి ఇరవై తొమ్మిదేళ్లు. కోపం అంతకంటే సీనియరు. అది అత్తగారి నుంచి వచ్చిన ఆస్తి.

ఆ పార్కు ఒకప్పుడు వలలు ఆరేసుకునే ఇసకదిబ్బ. ఉప్పుగాలికి గడ్డిపోచ కూడా నిలిచేది కాదు. అత్తగారు అక్కడ కూలికి చేరి సముద్రం వైపు వరసగా సరుగుడు మొక్కలు నాటింది. రెండుసార్లు మాడిపోయాయి. మూడోసారి ఒక్కో మొక్కకూ తడిక కట్టి, చంటిపిల్లను సాకినట్టు సాకితే బతికాయి. ఆ చెట్ల చాటుకే తర్వాత గులాబీలు, బెంచీలు, చివరికి మున్సిపాలిటీ వాళ్లూ వచ్చారు.

పార్కుకు యాభై ఏళ్లు నిండాయని కొత్త ఇంజనీరుగారికి ఒక ఆలోచన వచ్చింది. గేటు దగ్గర నిలబడితే సముద్రం కనబడాలి, కాబట్టి మధ్యలో పది చెట్లు కొట్టేయాలి. తోటమ్మ అడ్డం పడింది. గాలి లోపలికొస్తే పూలమొక్క మిగలదంది. నమ్మకం లేకపోతే చెట్లకు అటువైపు ఆకొకటి, ఇటువైపు ఆకొకటి నాకి, ఉప్పెక్కడుందో చూడమంది.

"ఆకులు నాకడానికి నేనేమన్నా మేకనా?" అన్నారాయన. వెంట వచ్చినవాళ్లు ఉద్యోగధర్మంగా నవ్వారు.

చెట్లు కూలాయి. ఫొటోలు దిగారు. నెల తిరక్కుండా ఆ సందుకెదురుగా ఉన్న గులాబీలు పెనం మీద వేసినట్టు మాడాయి. తోటమ్మ పొద్దున్నే ఆకాకూ మంచినీళ్లతో కడిగేది. మధ్యాహ్నానికి మళ్లీ ఉప్పే. పైగా, నీళ్లు సరిగా పోయనందుకు సంజాయిషీ ఇమ్మని కాగితం వచ్చింది. తెచ్చిన గుమస్తా ఆవిడ కోపానికి జడిసి, చెయ్యి బారచాపి, దూరం నుంచే ఇచ్చాడు.

తోటమ్మ మాడిన గులాబీ కొమ్మ ఒకటి విరుచుకుని, చేతుల మట్టయినా కడుక్కోకుండా ఆఫీసుకు నడిచింది. లోపల మీటింగు. ఆగలేదు. కొమ్మ తీసుకెళ్లి ఇంజనీరుగారి ముందు పెట్టింది.

"ఇదే సార్ నా సంజాయిషీ. నాకండి."

"తోటమ్మా, బయట కూర్చో, పిలుస్తాను."

"మా అత్త మూడుసార్లు నాటింది. మీరు ఒక్కసారి నాకలేరా?"

ఆయన ఆకును నాలిక చివర ఆనించారు. మొహం ముడుచుకుపోయింది. మంచినీళ్లడిగారు. ఆ రోజు నవ్వినవాళ్లంతా ఫైళ్లలో ఏదో వెతుక్కుంటున్నారు.

వారానికల్లా పది సరుగుడు మొక్కలు, తడికలతో సహా దిగాయి. ఆవిడ ఇక చల్లబడుతుందిలే అనుకున్నారు ఆఫీసువాళ్లు. మోకాలెత్తు మొక్కల్ని చూసేసరికి తోటమ్మకు ఇంకా మండింది. ఇవి గాలికి అడ్డం నిలిచేనాటికి తను రిటైరై ఇంట్లో ఉంటుంది. ఆ కోపంతోనే గోతులు తవ్వింది, అత్త తవ్వినదానికంటే జానెడు లోతుగా. తడిక పట్టుకోవడానికి మనిషి కావాల్సి వస్తే ఇంజనీరుగారినే పిలిచింది. ఆయన ఇస్త్రీ ప్యాంటుతో ఇసకలో మోకాళ్ల మీద కూలబడి పట్టుకున్నారు.

"గట్టిగా," అంది తోటమ్మ, ముడి వేస్తూ.