సుగుణక్క కంప్యూటర్ తుడిచిన రోజు

మొన్న ఆదివారం మధ్యాహ్నం పాత కంప్యూటర్ స్విచ్ వేయగానే లోపలి ఫ్యాన్ గరగరమని తిరిగింది. వేడెక్కిన దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. అంతే, నా ప్రాణం ఉసూరుమంది. నరసరావుపేట కోర్టు వీధిలో సుగుణక్క డీటీపీ షాపు తెరిచిన ప్రతి ఉదయమూ నాకు ఎదురొచ్చిన వాసన అది. అక్క పోయి ఏడాది దాటింది. వాసన మాత్రం సిగ్గు లేకుండా అలాగే ఉంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, పక్కింటావిడ. డిగ్రీ మధ్యలో ఆగిపోయి నేను ఇంట్లో కూర్చుంటే, ఒక రోజు చెయ్యి పట్టుకుని షాపుకు లాక్కెళ్ళింది. "ఏమే రాణీ, గోడలు చూస్తా కూర్చుంటే ఏమొస్తది? రా, తెలుగు టైపు నేర్పుతా" అంది. కోర్టు అర్జీలు, అఫిడవిట్లు, పెళ్ళి కార్డులు, అన్నీ ఆమె పక్కన కూర్చునే నేర్చుకున్నాను. ఆమె నోటికి జడిసి వకీళ్ళ గుమాస్తాలు కూడా తొందరపెట్టేవారు కాదు. నన్నూ రోజుకోసారి తిట్టేది, ఆ తిట్లు లేక ఇప్పుడు పని సాగదు.

పెళ్ళి కార్డుల్లో మాకొక సులువుండేది. పెద్దపిల్ల పెళ్ళికి కొట్టిన ఫైలే తెరిచి, చిన్నపిల్ల పెళ్ళికి పేర్లు మార్చేవాళ్ళం. ఒకసారి అలా మారుస్తూ అక్క, మాచవరం పెద్దాయన ఒకరి పేరు ముందు 'కీ.శే.' పెట్టేసింది. నిక్షేపంగా ఉన్న మనిషి! కార్డులు చేరిన మర్నాడే బస్సెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది సుగుణమ్మా, చేలో పత్తి ఇంకా తీయనే లేదు, నన్ను అప్పుడే పంపించేస్తివా?"

అక్క ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లేచి రెండు చేతులూ జోడించింది. ఆయన పకపకా నవ్వాడు.

"ఊరుకో తల్లీ. చచ్చాడన్న మాట పుడితే ఆయుష్షు పెరుగుద్దంట. ముందు టీ తెప్పియ్యి."

కార్డులన్నీ మళ్ళీ వేయించి ఇచ్చింది. ఆనాటి నుంచి పాత ఫైలు తెరిచే ముందు అక్క మౌస్ మీంచి చెయ్యి తీసి, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగేది. మర్యాదకు అడగడం కాదు. ఒక్కో పేరూ చదివి, జవాబు విన్నాకే ముందుకు పోయేది. ఆ ప్రశ్నకు కొందరు భోరుమనేవారు. కుర్చీ వేసి ఏడవనిచ్చేది. బయట ఇంకో బేరం ఉందని నేను సైగ చేస్తే, "ఉండవే! పోయినోళ్ళ పేరు ముందు రెండక్షరాలు కొడితే అయిపోద్దా?" అని కసిరేది.

ఆస్పత్రిలో చివరిసారి మాట్లాడింది కూడా ఈ కంప్యూటర్ గురించే. "ఆ పాతదాన్ని చర్చి హాల్లో టైపు నేర్చుకునే ఆడపిల్లలకిద్దువు. ఉన్నదున్నట్టు ఇవ్వమాక. అందరి కాపురాలూ దాంట్లో ఉన్నయ్. అంతా తుడిచి, కొన్నప్పుడు ఎట్టుందో అట్ట చేసి ఇయ్యి."

"నీవి కూడానా అక్కా?"

"నాదేముందే దాంట్లో?"

ఏముందా! కళ్ళజోడు పెట్టుకోనని మొండికేసి ఆమె పెంచుకున్న పెద్ద అక్షరాలున్నాయి. తెర మీద ఆమె మేడపై పూసిన బంతిపూల ఫొటో ఉంది. తెరవగానే 'సుగుణ' అని పేరుంది. అందుకే ఏడాదిగా ఏదో వంక పెట్టి దాటేస్తూ వచ్చాను. చివరికి చర్చి నుంచి కబురొచ్చింది, పిల్లలు చేరారు, యంత్రాలు చాలడం లేదని. ఇక తప్పదని ఆదివారం తుడవడానికి కూర్చున్నాను. ఫైళ్ళు ఉంచమంటావా, అన్నీ తీసేయమంటావా అని కంప్యూటర్ అడిగింది. 'ఉంచు' మీదికి బాణం ఎన్నిసార్లు వెళ్ళిందో నాకే తెలుసు. కానీ అందులో ఎందరి విడాకుల కాగితాలు, ఎందరి అన్నదమ్ముల తగాదాలు! కళ్ళు మూసుకుని రెండోది నొక్కాను.

సాయంత్రానికి తెర మీద నీలంరంగు వెలిగి, నువ్వెవరు, నీ పేరేమిటి అని అడిగింది. అన్నేళ్ళు ఆమె చేతి కింద నడిచిన యంత్రానికి ఆమె తెలియదు, నేనూ తెలియదు. చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇప్పుడు అదే వీధిలో నా షాపు. కార్డు పని పట్టుకొచ్చిన ప్రతివారినీ నేనూ అడుగుతాను, అందరూ బాగున్నారా అని. నిన్న నూజెండ్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన ఇంటి సంగతులన్నీ చెప్పి, చుట్టూ చూసింది.

"మీ సుగుణమ్మ కనపడదేందమ్మా? బాగుందా?"

ఎవరింట్లో వాళ్ళ పేర్ల ముందూ ఒక్క తప్పు పడనివ్వని దాన్ని.

"బాగుంది పెద్దమ్మా" అన్నాను.