మొదటి స్లైడులో నాయన

విరిగిన ఎముకలకు పుత్తూరు నాటుకట్టు కట్టేవాళ్లను ఇంటికే పంపించే కంపెనీ మాది. ఓనరు మా వాసు. వచ్చే వారం పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారని ఈ రోజు మధ్యాహ్నం తిరుపతి ఆఫీసులో ఒక రిహార్సల్ పెట్టుకున్నాం. ప్రశ్నలు అడిగేదానికి చెన్నై నుంచి ఒక సలహాదారు వీడియోలో కలిసినాడు. పుత్తూరు నుంచి వాసు వాళ్ల నాయన కూడా ఫోన్ నుంచి అదే వీడియోలో కలిసినాడు. జీవితమంతా కట్లు కట్టిన మనిషి. మొదటి స్లైడులో ఆయన ఫోటో, దాని కింద ‘తరతరాల నమ్మకం’ అని రాసింది నేనే. తెల్లచొక్కా వేసుకొని ఊరికే కూర్చోమని ఆయనకు చెప్పింది కూడా నేనే.

వాసు మంచి ఊపులో మాట్లాడతా చెయ్యి పైకెత్తినాడు. మోచేతి దాకా సిమెంటు కట్టు. మొన్న అలిపిరి దగ్గర బండి మీద నుంచి పడినాడు.

"ఆ కట్టు మీ నాయన కట్టిందేనా?" అని అడిగినాడు సలహాదారు.

వాసు నోరు తెరిచేలోపే పెద్దాయన ఫోనుకు దగ్గరగా జరిగినాడు. "ఎప్పుడు విరిగిందిరా?"

"నొప్పి తట్టుకోలేక ఆస్పత్రికి పోయినా నాయనా."

పెద్దాయన వీడియో ఆపేది తెలీక, కాల్ అయిపోయేదాకా అట్లే కూర్చున్నాడు.

తర్వాత వాసు నాతో, "వాళ్లొచ్చే రోజుకు నాయన వద్దులే. ఆ ఫోటో తీసేసి ఇంకెవరిదైనా పెట్టు" అన్నాడు.

సాయంత్రం నుంచి వెతకతా ఉండాను. చూస్తానే నమ్మకం కలిగే ముసలాయన ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. మీ నాయనదైనా పర్వాలేదు.