గ్యాస్ నొప్పి అనుకున్న ఆదివారం

పోయిన వారం మా నోయిడా సొసైటీలో పై అంతస్తులో ఉండే ఇరవై తొమ్మిదేళ్ళ అబ్బాయి ఆఫీసు క్యాబ్‌లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. లిఫ్టు దగ్గర గుమిగూడినవాళ్ళంతా ఈ వయసులో గుండెపోటేమిటని, నొప్పని కూడా అనలేదట అని, అంతా ఈ కాలపు తిండి, ఈ కాలపు ఉద్యోగాల వల్లేనని చెప్పుకుంటుంటే, నేనక్కడ నిలబడలేక మెట్లమీదుగా ఇంటికి వచ్చేశాను. ఇది ఈ కాలపు జబ్బే అయితే మరి నా తమ్ముడెందుకు పోయినట్టు?

డెబ్బైల చివర్లో తెనాలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నర్సింగ్ చదివి ఢిల్లీ చేరినవాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. నేనొక పెద్ద ఆసుపత్రిలో స్త్రీల వార్డులో పనిచేస్తూ, దాని వెనకే ఉన్న నర్సుల హాస్టల్లో ఉండేదాన్ని. నాకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఐటీఐ చదివి ఇంటి దగ్గర ఊరికే కూర్చుంటే, నేనే పట్టుబట్టి పిలిపించి ఫరీదాబాద్‌లో ట్రాక్టర్ విడిభాగాల ఫ్యాక్టరీలో లేత్ మిషన్ పనిలో చేర్పించాను. ఆదివారం వస్తే షటిల్ రైలెక్కి వచ్చేవాడు. ఇద్దరం తెలుగు ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఢోలక్ వాడిదే, పాట అయిపోయినా పాస్టరుగారు కళ్ళు తెరిచి చూసేదాకా ఆపేవాడు కాదు. మగవాళ్ళను హాస్టల్ మెట్లెక్కనిచ్చేవారు కాదు గనుక, కింద విజిటర్ల గదిలో బెంచీమీద కూర్చుని, నేను కిరోసిన్ స్టవ్ మీద వండి తెచ్చిన పప్పన్నం తిని, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు.

ఆ జూన్ ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికే వాడి చొక్కా తడిసి ముద్దయింది. ఢిల్లీ వడగాలి సంగతి తెలిసినదాన్ని కాబట్టి నేనేమీ అనుకోలేదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు.

"అక్కా, ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. నిన్న ఛోలే ఎక్కువ తిన్నాలే, గ్యాసేమో."

ఎడమ చెయ్యి కూడా లాగుతోందన్నాడు. రోజంతా మిషన్ మీద పనిచేస్తే లాగదా అన్నాను. నర్సునై ఉండి వాడి నాడైనా పట్టి చూడలేదు. గ్యాస్ బిళ్ళలు రెండిచ్చి, ఉప్పు వేసి నిమ్మకాయ సోడా తాగించి, బెంచీమీద పడుకోబెట్టాను.

"కాసేపు పడుకో, తగ్గిపోద్ది. నాకు రెండింటికి డ్యూటీ."

"నువ్వెళ్ళక్కా, నాకేం కాదు."

నాలుగు కాకముందే హాస్టల్ చౌకీదారు వార్డు గుమ్మం దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్, ఆప్‌కా భాయ్ ఉఠ్ నహీ రహా." ఎన్నిసార్లు పిలిచినా లేవడం లేదట. నేను వెళ్ళేసరికి తమ్ముడి చేతులు చల్లబడి ఉన్నాయి. నేలమీద పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూనే ఉన్నాను, ఎంతసేపో నాకు తెలియదు. చివరికి డాక్టరుగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని మెల్లగా పక్కకు తీశారు.

పోస్టుమార్టం చేసిన పంజాబీ పెద్దాయన మర్నాడు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "బేటీ, యే పహలీ బార్ నహీ థా." ఇది మొదటిసారి కాదని, గుండెమీద పాత మచ్చ ఉందని, కొన్ని నెలల కిందటే ఒకసారి గుండెపోటు వచ్చి, ఎవరికీ తెలియకుండా పోయిందని చెప్పారు. అప్పుడు గుర్తొచ్చింది. జనవరి చలిలో ఒకసారి షటిల్ దిగగానే ఆయాసమొచ్చి, ఒళ్ళంతా చెమటలు పట్టి, ప్లాట్‌ఫారం మీదే అరగంట కూర్చుండిపోయానని వాడు నాకు చెప్పాడు. చలికాలంలో చెమటలేమిట్రా, రెండు స్వెట్టర్లు తొడిగితే అంతే మరి అని నేను నవ్వాను. వాడూ నవ్వాడు.

టెలిగ్రాం అంది అమ్మ రైలెక్కి వచ్చేటప్పటికి సమాధి కూడా అయిపోయింది. ఇంకా తడిగా ఉన్న ఆ మట్టి పక్కన కూర్చుని అమ్మ నన్నొక్కటే అడిగింది.

"నొప్పన్నాడా అమ్మాయ్?"

"లేదమ్మా. నిద్రలోనే."

ఆ అబద్ధాన్ని పట్టుకునే అమ్మ మిగతా జీవితమంతా బతికింది. నా బిడ్డను ప్రభువు నిద్రలోనే పిలుచుకున్నాడని పరామర్శకు వచ్చినవాళ్ళకూ, పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలకూ చెబుతుంటే, పక్కనే కూర్చుని తల ఊపుతూ ఉండేదాన్ని. ఆమె పోయేదాకా నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. చెప్పి ఉంటే తిట్టేదేమో, తిడితే నాకు కొంత తేలికయ్యేదేమో.

తర్వాత క్యాజువాలిటీకి మారి ఉద్యోగం చేసినన్నాళ్ళూ, కడుపుబ్బరమంటూ వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ ఈసీజీకి పంపమని డాక్టర్ల వెంటపడేదాన్ని. దాదాపు అందరికీ అది గ్యాసే అయ్యేది. డాక్టర్లు విసుక్కునేవారు, నేను పడేదాన్ని.

ఇప్పుడు సందుకో క్లినిక్కు ఉంది, ఐదు నిమిషాల్లో గుండె గీతలు గీసిస్తారు, మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివని నా ఈడువాళ్ళు అంటుంటారు. కానీ ఆ ఈసీజీ మిషన్ మా ఆసుపత్రిలో అప్పుడూ ఉంది. విజిటర్ల గది నుంచి నడిచి వెళ్తే నాలుగు నిమిషాలు. ఇరవై ఆరేళ్ళవాడికి గుండెపోటు రావచ్చన్న అనుమానమే అప్పట్లో మాకెవరికీ లేదు.