దాత సంతృప్తి పత్రం

ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో ముసలి గుర్రాల ఆశ్రమం ఒకటుంది. దానికి జనం వీలునామాల్లో రాసిపోయే ఆస్తుల వ్యవహారమంతా ఇరవై రెండేళ్లుగా ఎనిడ్ క్రాడక్ గారే చూస్తున్నారు. కొత్త ఫైలు విప్పేముందు కళ్లజోడు తుడుచుకుంటారు, పోయినవారి పేరు ఒకసారి పైకి చదువుతారు, పక్కన టీ చల్లారినా పట్టించుకోరు. ఇప్పుడు ఆ పనికే అర్హతా పత్రం కావాలన్నారు పైవాళ్లు. లేకపోతే శుక్రవారం నుంచి ఫైళ్లు వేరేవాళ్లకట. చేసిన పనినే రుజువుగా చూపమంటే, ఆవిడ తాను రాసిన నలభై ఉత్తరాల నకళ్లు కట్టగట్టి ఇచ్చారు. పరీక్షకుడు టోబిన్ అన్నీ తిరగేసి, "బ్రహ్మాండంగా ఉన్నాయి ఎనిడ్ గారూ! దాత సంతృప్తి పత్రం ఒక్కటే లేదు. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే పాస్ చెయ్యలేను" అన్నాడు.

ఆవిడ మెడ ఎర్రబడింది. "ఏ దాత బాబూ? వాళ్లు పోతేనే కదా ఫైలు నా బల్ల మీదికొచ్చేది! సమాధి రాయి తట్టి అడగనా, మా సేవ ఎలా ఉందండీ అని?"

"గడి ఖాళీగా ఉండకూడదండీ, అంతే."

ఎనిడ్ గారు బీరువాలోంచి ఓ రైతు వీలునామా నకలు లాగి, చివరి పేజీ అతని ముందు దబ్బున పెట్టారు. "ఇదిగో దాత సంతకం. కింద ఇద్దరు సాక్షులు."

"మరి సంతృప్తి?"

"ఇది రాశాక పదకొండేళ్లు బతికాడయ్యా! తృప్తి లేకపోతే మార్చి రాసుండేవాడు."

టోబిన్ గడిలో టిక్కు పెట్టాడు. ఎనిడ్ గారి మెడ మాత్రం సాయంత్రం దాకా ఎర్రగానే ఉంది.