సాంబయ్య దాచిన గాట్ల పుల్ల

సాంబయ్య బావ ఎవరినీ నమ్మడు. కూరగాయల తక్కెడను నమ్మడు, బస్సు టైమును నమ్మడు. నేను చుట్టిచ్చిన దారం కండెను కూడా వేళ్లతో నొక్కి చూసుకున్నాకే మగ్గం నాడెలో పెడతాడు. సిద్దిపేటలో మా ఎదురిల్లే వాళ్లది. ఇరవై ఏళ్లుగా వాళ్ల మగ్గానికి నేనే దారం చుడుతున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

అలా అవడానికి కారణం లేకపోలేదు. ఆరేళ్ల కింద ఇస్త్రీ బట్టలు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, చాయ్ తాగి, బావ కొత్తగా నేసిన అంచును ఫోన్లో ఫోటో తీసుకుని పోయాడు. మూడు నెలలకు అదే అంచు అచ్చేసిన చీరలు బజార్లో కుప్పలుగా దిగాయి. బావ ఒక చీర చేతిలోకి తీసుకుని చూసి, మడత చెడకుండా అక్కడే పెట్టి వచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

కొండవ్వ అక్క ఆయన భార్య. కథ అసలు ఆమె భుజానిది. మా చీరల మీద గొల్లభామ బొమ్మ ఉంటుంది కదా, నెత్తిన కుండతో నడిచే ఆడమనిషి. ఆ బొమ్మ వరుస వరుసకూ మగ్గం పైన కట్టిన దారాలను చేయెత్తి లాగాలి. ముప్పై ఏళ్లు లాగితే భుజం మిగులుతుందా? దవాఖానలో చేయి ఎత్తొద్దన్నారు. చేయి ఎత్తకపోతే బొమ్మ రాదు. బొమ్మ లేని చీర ఎవరికి కావాలి?

బావ ఒక ఎండాకాలమంతా తంటాలు పడి పాత సైకిల్ బ్రేకు తీగ, తలుపు స్ప్రింగు, కట్టెముక్కలు కలిపి ఒక పెడల్ చేశాడు. కాలితో తొక్కితే పైదారాలు లేస్తాయి. ఏ వరుసకు ఏ దారం లేవాలో చూసేది మాత్రం జానెడు వెదురుపుల్ల. దాని నిండా సన్నటి గాట్లు. మొదటిరోజు అక్క చేయి ఎత్తకుండానే గొల్లభామను నేసి, లేచి వచ్చి మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే. కానీ ఆ తీగ వారానికోసారి తెగేది. లేతు మిషన్ మీద ఇనుముతో చేయించే తాహతు వాళ్లకు లేదు.

ఈ సంగతి తెలిసి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే శ్రీవాణి మేడం వచ్చింది.

"కొత్త పనిముట్లు కనిపెట్టినోళ్లకు సర్కారు సాయం చేస్తది కాకా. పరిశోధన పైసలు పెద్ద సైంటిస్టులకే కాదు, మీసొంటోళ్లకు గూడ ఉంటయి. మళ్ల కట్టేది లేదు."

"కట్టేది లేదా?" బావ ముఖం అక్కడే మారింది. "సర్కారుకు నేనేమన్న అల్లున్నా?"

"అల్లునివైతే ఇంకా సతాయిస్తుంటివి. చెప్పేది ఇను," అంది అక్క.

దరఖాస్తుకు ఆధార్ అడిగితే ఇచ్చాడు. బ్యాంకు బుక్కు అడిగితే రెండు రోజులు ఆలోచించి ఇచ్చాడు. ఫోన్‌కు ఓటీపీ వచ్చిందనేసరికి జేబు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"గిప్పుడు ఓటీపీ అంటవు, రేపు మగ్గం అంటవు!"

అక్కే జేబులోంచి ఫోన్ లాగి అంకెలు చదివింది.

తర్వాత, కొలతలు తీసుకోవడానికి పెడల్‌ను మూడు వారాలు కాలేజీలో ఉంచాలన్నారు. బావ వాళ్ల నాయినకు ఒక పద్ధతి ఉండేది. మగ్గం సామాను ఎవరికి అరువిచ్చినా ఒక్క పుల్ల పీకి తన దగ్గర పెట్టుకునేవాడు. సామాను పట్టుకుపోయినవాడు పుల్ల కోసమైనా తిరిగొస్తాడని. నేను కండెలు ఇవ్వడానికి పోయేసరికి బావ గాట్ల పుల్ల తీసి, దాని జాగాలో ఉత్త పుల్ల పెడుతున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టాడు. నేనూ ఊరుకున్నాను. నాది కూడా తప్పే.

ఆ మూడు వారాలు అక్క మళ్లీ చేయెత్తి నేసింది. ఒప్పుకున్న చీరలున్నాయి మరి. రెండో వారానికి ఆమె తల నేను దువ్వాల్సి వచ్చింది. బావ అది చూసి బయటికి పోయేవాడు. పుల్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

పరీక్ష మా చేనేత సంఘం షెడ్డులో పెట్టారు. పైసలు మంజూరు చేసే ఆఫీసు తరఫున హైదరాబాద్ నుంచి ఓంప్రకాశ్ సారు వచ్చాడు. పెడల్‌ను మగ్గానికి బిగించి అక్కను కూర్చోమన్నారు. అక్క తొక్కింది. దారాలన్నీ ఒక్కసారే లేచాయి. గొల్లభామ రావాల్సిన చోట దారం ముద్ద వచ్చింది.

"పనిచేయడం లేదు కదా," అని సారు కాగితం మీద రాయబోతూ శ్రీవాణి వైపు తిరిగాడు. "మీరు కళ్లతో చూసి సిఫార్సు రాశారా మేడం, ఎవరో చెబితే రాశారా?"

శ్రీవాణి ముఖం తెల్లబోయింది. అక్క వంగి పెడల్ లోపల వేళ్లతో తడిమింది. తర్వాత మెల్లగా తలెత్తి మొగుణ్ని చూసింది.

"పుల్ల ఏది?"

"ఏ పుల్ల?"

"ఏ పుల్లనా? గాట్ల పుల్ల!"

"ఇంట్ల ఉన్నదేమో..."

"నీ నడుముల ఉన్నది. పొద్దుగాల్ల దోతిల చెక్కుకుంటుంటే సూసిన. పండ్లు తోముకునే పుల్లేమో అనుకున్న."

ఎవరో కిసుక్కున నవ్వారు. బావ నవ్వలేదు. "ఫోటో తీస్కపోతరే," అన్నాడు చిన్నగా.

"తీస్కపోనీ. అంచు పోయిననాడు నువ్వు ఒక్క పూట పస్తున్నవు. నా భుజం పోతే? బాలమణి ఎన్నొద్దులు దువ్వుతది నా తల?" అని అక్క నా వైపు చేయి చూపించింది.

బావ నడుములోంచి పుల్ల తీశాడు. సారు చేయి చాచినా ఆయనకు ఇవ్వలేదు. తీసుకుపోయి అక్క చేతిలో పెట్టాడు. అక్క బిగించి తొక్కింది. ముందు పాదాలు, తర్వాత పావడా కుచ్చిళ్లు, వరుస మీద వరుస గొల్లభామ లేచింది.

సారుకు మాత్రం కోపం తగ్గలేదు. "దాచారంటే మాకు అనుమానం రాదా? ఇది మీరు చేసిందేనా, ఎక్కడినుంచైనా తెచ్చారా?"

బావ సారు ముందుకు వచ్చాడు. "నన్ను నమ్మరా?"

"ఎట్లున్నది?" అంది అక్క. "గా రుచి నువ్వు గూడ జర సూడు."

ఇక్కడే ఇంకో పుల్ల చేసి చూపించమన్నాడు సారు. ఇన్నాళ్లు దాచింది పదిమంది ముందు చేయాలి. బావ ఒకసారి తలుపు వైపు చూశాడు. మళ్లీ అక్క భుజం వైపు చూసి, వెదురుముక్క, చాకు అడిగి నేల మీద కూర్చున్నాడు. రెండు గంటలు పట్టింది. చివరి గాటు అయ్యేదాకా సారు కుర్చీ కదల్లేదు. శ్రీవాణి ఆ పుల్ల బొమ్మ గీసి, కింద సాంబయ్య పేరు, తారీఖు రాసి, సారుతో సంతకం పెట్టించింది.

"ఎవలన్న కాపీ కొడితే గీ కాయితం మీ దిక్కు సాక్ష్యం చెప్తది కాకా."

బావ ఆ కాగితాన్ని ఎండకెత్తి, వెనకవైపు కూడా చూశాడు.

మూడు నెలలకు పైసలు పడ్డట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తే దొంగ మెసేజ్ అని తీసేశాడు. బ్యాంకుకు నడిచిపోయి అడిగాడు. ఇద్దరు వేర్వేరు మనుషులు చెప్పాక నమ్మాడు.

ఇప్పుడు ఇనుప పెడల్ ఉంది, గాట్ల పుల్ల మాత్రం పాత వెదురుదే. తీగ తెగడం లేదు. మొన్న సారు వాళ్లు మళ్లీ చూడటానికి వస్తున్నారని తెలిసి బావ మగ్గం దగ్గరికి పోతే గాట్ల పుల్ల లేదు. ఇల్లంతా వెతికాడు. అక్క గడపలో నిలబడి తల దువ్వుకుంటోంది.

"పుల్ల నా కాడున్నది. వాళ్లొచ్చినంక నేనే పెడత."

"నన్ను నమ్మవా?"

"నిన్నా?" అంది అక్క. చేయి పైకెత్తి, పుల్లను కొప్పులో దోపుకుంది.