కుప్పం నుంచి వచ్చిన పెండ్లి బండి

మా ఇంటి ముందు కారు నిలబెట్టే చోట నేను ముగ్గు వేయడం మానేశాను. వేసినా నిలిచేది కాదు. ముందు చక్రాల నడుమ నేల మీద అరచేతంత నూనె మరక ఉండేది, అది రోజురోజుకూ పెద్దదవుతూ వచ్చింది. మొదట ఇంజను ఆయిలనుకున్నాను. వేలితో తీసి వాసన చూస్తే కాదని తెలిసింది. మా నాన్న కలికిరి, మదనపల్లె మధ్య ప్రైవేటు బస్సు తోలేవాడు. ఆయన బట్టలు ఉతికి పెరిగినదాన్ని, ఏ నూనెకు ఏ వాసనో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇది గేరాయిలు, కారుతున్నది స్టీరింగు ర్యాకులోంచి.

ర్యాకంటే పెద్ద విషయమేమీ కాదు. చేతిలో చక్రం తిప్పితే ఆ తిప్పుడును ముందు చక్రాలకు అందించే పళ్ళ కడ్డీ. ఒక ఇనుప గొట్టంలో నూనెలో తడుస్తూ ఉంటుంది. గొట్టానికి రెండు పక్కలా రబ్బరు తొడుగులు, వాటిని బూట్లంటారు. ఆ రబ్బరు చిరిగిందంటే నూనె బయటికి పోతుంది, రోడ్డు మీది దుమ్ము లోపలికి పోతుంది. ఆ తర్వాత పళ్ళు అరగడం మొదలవుతుంది. ఎన్నాళ్ళకు అరుగుతాయో ఎవరూ చెప్పలేరు.

ఇది డెబ్బైల చివరి మాట. మా ఆయన మదనపల్లె బస్టాండు దగ్గర బాడుగ కారు తోలేవాడు. అంబాసిడరు, మా చేతికి వచ్చేసరికే దానికి వయసు మళ్ళింది. పుంగనూరు, పలమనేరు తిరిగేది, రైలెక్కేవాళ్ళుంటే కుప్పం దాకా పోయేది. ర్యాకు మార్చమంటే ఆయనకు ముక్కు మీద కోపం. స్టీరింగు ఒకసారి విప్పితే బండికి చెయ్యి మారిపోతుందని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, స్టాండులో డ్రైవర్లందరిదీ అదే. ఇంజను విప్పుతారు, గేరుబాక్సు విప్పుతారు, స్టీరింగు జోలికి మాత్రం పోరు. ఏళ్ళ తరబడి ఒకరి చేతికి అలవాటైన బండి, విప్పి బిగిస్తే పరాయిదైపోతుందట. పుట్టింటికి పోయివచ్చిన పెండ్లాం కూడా అట్లే పరాయిదైపోతుందా అని అడిగాను. ఆయన చిరిగిన బూటుకు పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి, కట్టుతీగతో బిగించి, నూనె తగ్గినప్పుడల్లా పోసుకుంటూ తిప్పేవాడు.

మా నాన్న చిన్నప్పుడు నాకు చెప్పేవాడు, ఇంజను నిలిచిపోతే దోవలో నిలబడతావు, బ్రేకు పోతే ఏ చేనులోకో పోనిస్తావు, స్టీరింగు పోతే మాత్రం చేతిలో మిగిలేది వట్టి చక్రమేనని. ఈయన బాడుగకు పోయినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది. అన్నం తినబుద్ధయ్యేది కాదు. వీధి చివర హారను వినపడితేగాని గుండె కుదుటపడేది కాదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. చివరికి ఒక పొద్దున పాపను మా అత్త దగ్గర వదిలి, కొంగు నడుముకు చుట్టి, పోయి కారు ముందు సీట్లో కూర్చున్నాను.

ఎక్కడికని అడిగాడు. నువ్వు పోయే చోటికేనన్నాను. ర్యాకు మార్చిన రోజు దిగుతానని చెప్పాను.

అంబాసిడరు ముందు సీటు బల్లలాగా ఒకటే ఉంటుంది, గేరు స్టీరింగు పక్కనే. డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరి చోటు నేను తీసుకున్నాను. బాడుగ మాట్లాడుకున్నవాళ్ళు గొణిగేవాళ్ళు. స్టాండులో ఒకటే నవ్వులు, కొత్త పెండ్లికూతురు వచ్చిందని. మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. ఆయనైతే రోజూ ఇంటి ముందు, స్టాండులో, పదిమందిలో తిట్టేవాడు. "దిగు మే. నామర్దాగా ఉండాది" అనేవాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. సిగ్గు లేక కాదు, బోలెడంత సిగ్గు వేసేది. భయం అంతకంటే పెద్దది.

అట్లాంటి రోజుల్లో పెండ్లి బాడుగ వచ్చింది. పెండ్లికొడుకుది మదనపల్లె, పెండ్లి కుప్పంలో అమ్మాయి వాళ్ళింట్లో. అక్కడినుంచి కొత్త జంటను పొద్దుగూకక ముందే మదనపల్లెలో పెండ్లికొడుకు ఇంటి గడప తొక్కించాలి. చుట్టాలందరికీ బస్సు మాట్లాడారు, జంటకు మా కారు. పెండ్లి బండిలో డ్రైవరు పెండ్లామేమిటని పెండ్లికొడుకు మేనత్త అక్కడే పట్టుకుంది. ఆమె మాట చెల్లే మనిషి, గొంతు కూడా పెద్దది. నేను దిగలేదు. గడప తొక్కే ముహూర్తం దాటిపోతుందని చివరికి ఆమే విసుక్కుంటూ నా పక్కన కిటికీ వైపు కూర్చుంది. వెనక పెండ్లికొడుకు, పెండ్లికూతురు, పెండ్లికూతురి చెల్లెలు. పెండ్లికూతురి జుట్టులో తలంబ్రాల బియ్యం ఇంకా అట్లే ఉన్నాయి.

కుప్పం దాటి కాస్త దూరం రాగానే నాకు తెలిసిపోయింది. ఆయన మోచెయ్యి నా భుజానికి తగులుతూ ఉంది కదా, అది చెప్పింది. చక్రం ఇంత తిప్పుతున్నాడు, బండి తిరగడం లేదు. ఇంకాస్త తిప్పితే అప్పుడు ఒక్కసారిగా తిరుగుతోంది. మలుపు ఇంకా కనపడకముందే తిప్పడం మొదలుపెడుతున్నాడు. మెడ మీద చెమట కాలరులోకి దిగుతోంది. ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దించి, ఊపిరి బిగబట్టి, అది పోయాక మళ్ళీ రోడ్డెక్కిస్తున్నాడు. వెనక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

ఒక కల్వర్టు దగ్గర బండి తనంతట తానే ఎడమకు లాగింది. ఆయన కుడికి తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాడు. కల్వర్టు గోడ నా కళ్ళ ముందుకు వచ్చేసింది, దాని మీద ఎవరో బొగ్గుతో రాసిన అక్షరాలు కూడా కనపడ్డాయి. అప్పుడు బండి ఒక్క ఊపున తిరిగింది. మేనత్త తల కిటికీకి కొట్టుకుంది. గొడ్డు అడ్డమొచ్చిందని ఆయన అబద్ధం చెప్పాడు.

ఆపమని అరవాలని ఉంది. అరవలేను. కొత్త పెండ్లికూతురు ఎక్కిన బండి దోవలో ఆగిపోతే ఆ మాట ఎవరికి అంటుకుంటుందో నాకు తెలుసు. బండిని అనరు, డ్రైవరును అనరు. కాలు పెట్టకముందే బండి నిలబెట్టిన పిల్ల అంటారు. ఆ ఇంట్లో గేదె పాలివ్వకపోయినా, బావిలో నీళ్ళు తగ్గినా అదే మాట తీస్తారు. పక్కన కూర్చున్న మేనత్త అందరికంటే ముందు తీస్తుంది. ఆ పిల్ల ముసలిదయ్యేదాకా వింటుంది.

అందుకని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, వాంతి వస్తోంది, ఆపమన్నాను. నడుమ కూర్చున్నదాన్ని, కిటికీ అందదు, ఆపక తప్పదు. మేనత్త చీర ఎక్కడ పాడవుతుందోనని ఆమే అందరికంటే ముందు దూకింది. నేను రోడ్డు పక్కన కానుగ చెట్టు దగ్గర వంగి నిలబడ్డాను. ఆయన నాకు నీళ్ళ సీసా ఇచ్చినట్టే ఇచ్చి కారు కింద దూరాడు. మేనత్త నా వీపు చూసి, ఎన్నో నెలని అడిగింది. తల ఊపాను. ఎన్నో నెలగా ఊపానో నాకే తెలియదు.

వి.కోట దాటాక మళ్ళీ వాంతి. పలమనేరు దగ్గర మళ్ళీ. చుట్టిన ట్యూబు ముక్కలు ప్రతిసారీ నూనెకు జారిపోతున్నాయి, ఆయన మళ్ళీ చుడుతున్నాడు. మేనత్త మాత్రం ఓపిక చచ్చి, ఇట్లాంటి మనుషుల్ని పెండ్లి బండిలో ఎక్కించినందుకు తన తమ్ముణ్ణి, మమ్మల్ని, పురోహితుణ్ణి కలిపి తిట్టింది.

మూడోసారి ఆగినప్పుడు పెండ్లికూతురు దిగి వచ్చింది. వాంతి చేసుకునేవాళ్ళకు నుదురు పట్టుకుంటే సుఖంగా ఉంటుంది కదా, అట్లా వచ్చి నా నుదురు పట్టుకుంది. పసుపు, పారాణి వాసన. నా నోట్లోంచి ఏమీ రావడం లేదని చూసింది. కారు కింద నుంచి బయటికి కనపడుతున్న మా ఆయన కాళ్ళు చూసింది. మట్టిలో నల్లగా చుక్కలు పడుతున్నాయి, అవీ చూసింది.

"అక్కా, నీకేం కాలేదు గదా?" అంది మెల్లగా.

ఏం లేదు, పోయి కూర్చోమన్నాను. ఇంకేమంటాను? ఆ పిల్ల ఒక నిమిషం అక్కడే నిలబడింది. తర్వాత మేనత్త వైపు చూసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పోయి మళ్ళీ వెనక సీట్లో కూర్చుంది. అక్కడినుంచి వెనక నవ్వులు వినపడలేదు.

పుంగనూరు ఊళ్ళోకి ఎట్లా వచ్చామో ఇప్పటికీ చెప్పలేను. సందులో ఆవు పడుకుని ఉంటే దాన్ని తప్పించడానికి ఆయన నాలుగుసార్లు చక్రం తిప్పాడు. పలమనేరు రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్కు షెడ్డు ఉంది. బోల్టులు విప్పే పానాలతో ఉర్దూలోనూ మనుషులతో తెలుగులోనూ పోట్లాడే మనిషి, తనంతటి మెకానిక్కు బెంగుళూరులో కూడా లేడని తనే చెప్పుకునేవాడు. మెకానిక్కు కారు కిందికి దూరి, బయటికి వచ్చి, తాళం చెవి లాగి జేబులో వేసుకున్నాడు.

"నేను ఉండంగా ఈ బండి ఈడినుంచి కదల్దు" అన్నాడు. అంతవరకూ అంత తక్కువ మాట్లాడగా ఆయన్ని నేను చూడలేదు.

మేనత్తకు నేనే చెప్పాను. నాకు బాగా లేదు, ఇంక కూర్చోలేను, నన్ను ఆస్పత్రికి తీసుకుపోవాలి, భోజనాలు ముగించుకుని వెనక వస్తున్న చుట్టాల బస్సులో జంటను ఎక్కించండి అన్నాను. బస్సు రాగానే ఎక్కారు. పెండ్లామును ఎక్కించుకుని పెండ్లి బండి తోలే మొగవాణ్ణి ఎక్కడా చూడలేదని ఆమె బస్సు కిటికీలోంచి కూడా అంటూనే ఉంది. అనుకోనీ అనుకున్నాను. తిట్టు నా మీద పడింది, ఆ పిల్ల మీద పడలేదు. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

కొత్త ర్యాకు బెంగుళూరు నుంచి రావడానికి వారం పట్టింది. అది వచ్చిన రోజు ఇద్దరం బస్సులో పుంగనూరు పోయాము. మెకానిక్కు కారు అడుగు నుంచి పాతదాన్ని పట్టి ఉంచిన క్లాంపులు విప్పి, రెండు చక్రాల దగ్గరా కీళ్ళు ఊడగొట్టి, గొట్టాన్ని బయటికి లాగి గోనెపట్ట మీద పెట్టాడు. బూటు కోసి వంచితే నూనె రాలేదు. ఎర్రమట్టి కలిసిన నల్లటి బురద జారింది. గుడ్డతో తుడిచి కడ్డీని వెలుతురులో పెట్టి చూపించాడు. నడుమ పళ్ళు అరిగి నున్నగా అయ్యాయి, రెండు సగానికి విరిగి ఉన్నాయి. మొన్న కల్వర్టు దగ్గర జరిగింది నేను చెప్తే, ఆ ఒక్క ఊపు ఎట్లా తిరిగిందో అల్లాకే తెలియాలన్నాడు. ట్యూబు ముక్కలు వేలితో ఎత్తి, ఇది ఎన్నాళ్ళుగా కట్టుకుని తిరుగుతున్నావని మా ఆయన్ని అడిగాడు.

నేనూ ఊరుకోలేదు. ఇన్నాళ్ళు చెప్తుంటే వినలేదు, ఇప్పుడైనా తెలిసిందా అన్నాను. గొంతు పెద్దదైంది. పక్క కొట్టువాళ్ళు తొంగి చూశారు.

"తెలుసు మే" అన్నాడు ఆయన, ఆ కడ్డీ వైపే చూస్తూ. "తెలుసు కాబట్టే గదా దినామూ నిన్ను దిగు దిగు అని పోట్లాడింది."

ఆ తిట్లన్నీ, ఆ నామర్దా అంతా నా ప్రాణం కోసమా అనుకునేసరికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. కాసేపు ఆ సంతోషంలోనే ఉన్నాను. తర్వాత నుదుటి మీద ఆ పసుపు చెయ్యి గుర్తొచ్చింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తెలిసి కూడా పోయి వెనక సీట్లో కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

"మరి ఆ పిల్లను యాల దిగమన్లేదు?" అన్నాను.

ఆయన తల ఎత్తి చూశాడు. మెకానిక్కు మా ఇద్దర్నీ చూసి, ఏమీ విననట్టు కొత్త ర్యాకు తీసుకుని కారు కిందికి దూరాడు. మా ఆయన కిరసనాయిల్లో చేతులు కడుక్కున్నాడు. తర్వాత సబ్బుతో కడుక్కున్నాడు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

సాయంత్రానికి పని అయింది. చక్రాలు సరిచేసి, కొత్త నూనె పోసి, బూట్ల క్లిప్పులు బిగించి, ట్రయలు పోయిరమ్మని మెకానిక్కు తాళం చెవి అందించాడు. ఆయన తీసుకోలేదు. నువ్వే తోలు భాయ్ అని చెప్పి, వెనక తలుపు తీసుకుని పెండ్లికూతురు కూర్చున్న చోట కూర్చున్నాడు. కారు కొన్నప్పటి నుంచి ఆయన ఆ సీట్లో కూర్చోగా నేను చూడలేదు. నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

సదుం రోడ్డు ఎక్కించాడు మెకానిక్కు. కొత్త ర్యాకు, బండి చెప్పినట్టు వింటోంది. ఒక వేలితో తిప్పొచ్చు చూడమని వెనక్కి తిరిగి మరీ గొప్పలు చెప్పుకుంటున్నాడు. మా ఆయన చూడటం లేదు. ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. దూరంగా మలుపు కనపడింది.

"మెల్లగా పోనీ భాయ్" అన్నాడు.